ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఊళ్ళు

తెలుగు ఊళ్ళ పేర్లను ఇంగ్లీషులో రాయడానికి నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ బందరు రేవులో లంగరు వేసింది. అప్పటి నుంచి వర్తకుల చిట్టాల్లో, సైనికుల పటాల్లో, కలెక్టర్ల నివేదికల్లో ఈ నేల మీది ఊళ్ళ పేర్లు చెవికి ఎలా వినబడితే అలా ఎక్కుతూ వచ్చాయి. వాటిలో కొన్ని అధికారిక పేర్లుగా స్థిరపడ్డాయి. కొన్ని ఒక్క జీవోతో చెల్లకుండా పోయాయి. మరికొన్ని రైల్వే కోడ్‌ల్లోనూ విమానం టికెట్ల మీదా గుట్టుగా బతుకుతున్నాయి.

ఫలానా ఊరిని ఇంగ్లీషులో ఎలా రాయాలి అని ఎవరైనా అడిగితే అందులో మూడు ప్రశ్నలు కలిసి ఉంటాయి. ఆ ఊరికి ఇవాళ ప్రభుత్వం ఒప్పుకున్న పేరేది? దాని ధ్వనుల్ని రోమన్ అక్షరాల్లోకి దించే పద్ధతేది? రాస్తున్నది ఏ కాలపు సంగతి? ఈ మూడింటినీ కలగలిపేయడం వల్లనే ‘అసలైన స్పెల్లింగు’ మీద వాదాలు తెగవు. ఉచ్చారణకు దగ్గరగా ఉన్నదే సరైన స్పెల్లింగు అనే నమ్మకం చాలామందికి ఉంది. అది సగమే నిజం.

రేవుల్లో పుట్టిన పేర్లు

మచిలీపట్నం యూరప్ పత్రాల్లో మసూలిపటం అయింది. భీమునిపట్నం బిమ్లిపటం, విశాఖపట్నం వైజాగపటం, కాకినాడ కొకనాడ, కోరంగి కొరింగ, ఏలూరు ఎల్లూర్ అయ్యాయి. బెజవాడ మాత్రం పెద్దగా దెబ్బ తినకుండానే ఇంగ్లీషులోకి వెళ్ళింది. యానాన్ని ఫ్రెంచివాళ్ళు తమ అక్షరక్రమంలో ‘యనావ్’ అన్నట్టుగా రాసుకున్నారు. 1954లో వాళ్ళ పాలన ముగిశాక ఆ రూపం వాడుకలోంచి తప్పుకుంది.

అన్ని రూపాలూ దొరల చెవుల్లోంచే పుట్టలేదు. ఉత్తర సర్కారుల రెవెన్యూ లెక్కలు కంపెనీ చేతికి వచ్చేనాటికి అవి పారసీలో నడుస్తున్నాయి. శ్రీకాకుళం ఆ దఫ్తరాల్లో చికాకోల్. కంపెనీ గుమాస్తా ఆ పారసీ రూపాన్నే ఇంగ్లీషులోకి ఎత్తుకున్నాడు. ఆంగ్లేయులు పేర్లన్నీ పాడుచేశారని మనం అలవాటుగా అంటుంటాం గానీ, ఈ పేరు విషయంలో వాళ్ళు ఆఖరి మజిలీ మాత్రమే.

ఆ కాలంలో స్పెల్లింగుకు కట్టుబాటు లేదు. మన భాష పేరుకే దిక్కులేదు. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులో అచ్చువేసిన వ్యాకరణం మీద భాష పేరు ‘తెలూగూ’ అని రెండేసి ఓ లతో ఉంది. మరుసటి ఏడు విలియం బ్రౌన్ వేసిన వ్యాకరణం అదే భాషను ‘జెంటూ’ అంది. భాషకే ఈ గతి పడితే పల్లెటూళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

‘కడప’ ఎలా తయారైంది

పాత స్పెల్లింగు ఎలా పనిచేసేదో తెలియాలంటే కడపను విప్పి చూడాలి. 2005 దాకా ఆ ఊరు ఇంగ్లీషులో సి-యు-డి-డి-ఏ-పి-ఏ-హెచ్. తెలుగు పిల్లవాడు దాన్ని కూడబలుక్కుంటే ‘కుద్దపా’ వస్తుంది, నవ్వు కూడా వస్తుంది. ఇంగ్లీషువాడు చదివితే వేరు. అతని భాషలో ‘కప్’ అనే మాటలో యు అక్షరం పలికేది మన ‘అ’కు దగ్గరి ధ్వని. వెనకాల డి రెండుసార్లు వస్తే ముందున్న అచ్చు పొట్టిగా పలకాలని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. చివర హెచ్ పెట్టింది, ఆఖరి ఏ ని ‘ఏ’ అని సాగదీయకుండా ఉండడానికి. అన్నీ కలిపి చదివితే అతని నోట ఇంచుమించు ‘కడప’ వస్తుంది. ఇప్పటి కే-ఏ-డి-ఏ-పి-ఏ ఇచ్చి చదవమంటే అదే ఇంగ్లీషువాడు ‘కడాపా’ అంటాడు.

కర్నూలుదీ ఇదే కథ. మొదట్లో యు, చివర్లో రెండు ఓ లు. ఇంగ్లీషు నోటికి అది చక్కగా ‘కర్నూల్’ అవుతుంది. గుత్తిని మాత్రం రెండు ఓ లతో రాసి ‘గూటీ’ చేశారు. అంటే ఈ పద్ధతి అన్నిచోట్లా పారలేదు. కానీ దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ స్పెల్లింగులు రాసింది లండన్‌లో కూర్చుని చదివేవాడి నోటి కోసం. ఇవాళ మనం కోరే స్పెల్లింగులు ఇంగ్లీషును రెండో భాషగా నేర్చి, రోమన్ అక్షరాల్ని వర్ణమాలలా చదివే భారతీయుడి కంటి కోసం. చదివేవాడు మారాడు గనక స్పెల్లింగు మారింది. పాతవాటిని అజ్ఞానమనీ అవహేళన అనీ కొట్టిపారేయడం న్యాయం కాదు. మార్చుకోవడం తప్పనడం కూడా అంతే.

జోన్స్, గిల్‌క్రిస్ట్, హంటర్

భారతీయ భాషల ధ్వనుల్ని రోమన్ అక్షరాల్లో పద్ధతి ప్రకారం రాయాలన్న ఆలోచన విలియం జోన్స్‌ది. 1788లో వెలువడిన ‘ఏసియాటిక్ రీసెర్చెస్’ మొదటి సంపుటంలో ఆయన దీనిమీద వ్యాసం రాశాడు. ఆయన అచ్చులకు ఇటాలియన్ వరసలో విలువలు ఇచ్చాడు: ఏ అంటే అ, ఐ అంటే ఇ, యు అంటే ఉ. దాదాపు అదే కాలంలో జాన్ గిల్‌క్రిస్ట్ ఇంగ్లీషు చదువరికి అలవాటైన వరసలో నడిచాడు: అ కు యు, ఈ కు రెండు ఈ లు, ఊ కు రెండు ఓ లు. పండితులు జోన్స్ వైపు, కచేరీల్లో పనిచేసే అధికారులు గిల్‌క్రిస్ట్ వైపు. ఎనభై ఏళ్ళపాటు రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. ఒకే ఊరు రెండు శాఖల కాగితాల్లో రెండు ఊళ్ళలా కనబడేది.

దేశమంతటి గణాంకాలు సేకరించే పని డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ మీద పడ్డప్పుడు ఇది పెద్ద తలనొప్పి అయింది. ఊళ్ళ పేర్లు ఒక దారిన లేకపోతే ఆయన తలపెట్టిన గెజెటీరులో ఏ ఊరు ఏ అక్షరం కింద వెతకాలో తేలదు. 1871లో ఆయన భారతీయ నామాల వర్ణక్రమం మీద ఒక మార్గదర్శిని వెలువరించాడు. జోన్స్ పద్ధతిని సులువు చేసి, చుక్కలూ గీతలూ తగ్గించి తయారుచేసిన హంటర్ పద్ధతిని మరుసటి ఏడే ప్రభుత్వం ఆమోదించింది. సర్వే ఆఫ్ ఇండియా పటాలకు ఇప్పటికీ పునాది అదే.

హంటర్ ఒక రాజీకి ఒప్పుకోక తప్పలేదు. వాడుకలో బాగా పాతుకుపోయిన పేర్లను పద్ధతిలోకి తేకుండా వదిలేశారు. కలకత్తా, బొంబాయి ఉన్నట్టే ఉండిపోయాయి. మన వైపు కడప, కర్నూలు, నెల్లూరు, రాజమండ్రి, మచిలీపట్నం అలాగే మిగిలాయి. హైదరాబాదు కూడా ఈ కోవలోదే. పద్ధతి ప్రకారం హెచ్ తర్వాత ఏ-ఐ రావాలి, పాత అలవాటు చొప్పున వై నిలిచిపోయింది. 1908 నాటి ‘ఇంపీరియల్ గెజెటీర్’ చూస్తే ఈ రాజీ వింతగా కనబడుతుంది. బెజవాడ, కొకనాడ పేర్లలో దీర్ఘాల నెత్తిన గీతలు శ్రద్ధగా పెట్టారు, కొకనాడ మొదటి అక్షరాన్ని మాత్రం ముట్టుకోలేదు. కృష్ణా నది అందులో ‘కిస్ట్నా’యే.

హంటర్ పద్ధతితో తెలుగుకు వచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. గుర్తులు తీసేస్తే ట కూ త కూ, ణ కూ న కూ, ళ కూ ల కూ తేడా పోతుంది. ఎ-ఏ, ఒ-ఓ ల మధ్య తేడా అసలే ఉండదు. ఈ లోటు పూడ్చడానికి దక్షిణాదివాళ్ళు త కు టి పక్కన హెచ్ చేర్చే అలవాటు చేసుకున్నారు. అప్పుడు థ కు చోటుండదు. ఉత్తరాదివాళ్ళు ఆ హెచ్ చూసి ‘తిరుపథి’ అని చదువుతారు. తిరుపతి అధికారిక స్పెల్లింగులో హెచ్ లేదు. దుకాణాల బోర్డుల మీదా పెళ్ళి పత్రికల మీదా ధారాళంగా ఉంటుంది. 1972లో ఐక్యరాజ్యసమితి భౌగోళిక నామాల సదస్సు భారతీయ లిపులకు గుర్తులతో కూడిన పద్ధతిని సిఫారసు చేసింది. 2001లో ఐఎస్ఓ 15919 ప్రమాణం వచ్చింది. గ్రంథాలయాలకూ పరిశోధకులకూ ఇవి పనికొస్తాయి. బస్సు బోర్డు రాసేవాడికి వీటితో పనిలేదు.

పేరు మార్చేది ఎవరు

స్వాతంత్య్రం వచ్చాక కొకనాడ కాకినాడగా, వైజాగపటం విశాఖపట్నంగా, చికాకోల్ శ్రీకాకుళంగా, బెజవాడ విజయవాడగా అధికారిక పత్రాల్లో కుదురుకున్నాయి. వీటిలో మొదటి మూడూ స్పెల్లింగు దిద్దుబాట్లు, తెలుగులో ఊరి పేరు మారలేదు. విజయవాడ అలా కాదు. అక్కడ రెండు తెలుగు పేర్లలో ఒకదాన్ని ప్రభుత్వం ఎంచుకుంది. ఈ రెండు రకాల మార్పుల్నీ విడదీసి చూడాలి. కడపది మొదటి రకం: 2005లో ఇంగ్లీషు స్పెల్లింగు మారినప్పుడు తెలుగు పత్రికలకు ఒక్క అక్షరం కూడా దిద్దే పని పడలేదు. రాజమండ్రి రెండో రకం: గోదావరి పుష్కరాలు జరిగిన 2015లో రాష్ట్ర ప్రభుత్వం రాజమహేంద్రవరాన్ని తిరిగి తెచ్చింది, 2017లో కేంద్ర హోంశాఖ అభ్యంతరం లేదని చెప్పింది. ఒక్క మాటలో ఏడెనిమిది అక్షరాలు పలకడానికి బద్ధకించే జనం మాత్రం రాజమండ్రి అనే అంటున్నారు.

ఊరి పేరు మార్చడానికి చట్టసభ తీర్మానం ఒక్కటే చాలదు. రాష్ట్రం ప్రతిపాదన పంపితే కేంద్ర హోంశాఖ రైల్వేనూ, తపాలా శాఖనూ, సర్వే ఆఫ్ ఇండియానూ అడుగుతుంది. ఆ పేరుతో మరో ఊరు ఉందా, పటాల్లో తికమక వస్తుందా అని చూస్తారు. హోంశాఖ ఒప్పుకుంటే రాష్ట్రం గెజిట్‌లో ప్రకటిస్తుంది. రాష్ట్రం పేరైతే పార్లమెంటు చట్టం కావాలి. ఊళ్ళ పేర్ల మీద ఇప్పటికీ ఆధారం 1953 సెప్టెంబరులో హోంశాఖ రాసిన మార్గదర్శకాలు. జనం అలవాటుపడ్డ పేర్లను వీలైనంత వరకు మార్చవద్దని, స్థానికాభిమానం కోసమో భాషాభిమానం కోసమో మాత్రమే మార్పు కోరవద్దని అవి చెబుతాయి. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళలో జరిగిన మార్పుల్లో చాలావాటికి కారణం సరిగ్గా ఆ రెండే. మార్గదర్శకం ఫైల్లో ఉంది, రాజకీయం వీధిలో ఉంది.

మిగతా దేశంలో ఈ వరస 1991లో తిరువనంతపురంతో ఊపందుకుంది. 1995లో ముంబై, 1996లో చెన్నై, 2001లో కోల్‌కతా వచ్చాయి. కర్ణాటక 2014 నవంబరు 1న ఒక్కసారిగా పన్నెండు ఊళ్ళ స్పెల్లింగులు మార్చింది. తెలుగువాళ్ళు చాలామంది ఉండే బళ్ళారి ఇంగ్లీషులోనూ ఇప్పుడు బళ్ళారి. 2018లో అలహాబాద్ ప్రయాగ్‌రాజ్ అయింది.

ఒకే ఊరు, నాలుగు తోకలు

కర్ణాటక చేసిన పనిలో ఒక సుఖం ఉంది: బెంగళూరుకూ, మైసూరుకూ, మంగళూరుకూ చివర ఒకే యు-ఆర్-యు వచ్చింది. తెలుగు నేల మీద అదే ‘ఊరు’ నాలుగు రకాలుగా ఉంది. నెల్లూరుకు ఓ-ఆర్-ఈ. చిత్తూరుకు ఓ-ఓ-ఆర్. గుంటూరుకు యు-ఆర్. ఏలూరుకు యు-ఆర్-యు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే రెండు శతాబ్దాల పద్ధతులన్నీ కనబడతాయి. నెల్లూరు తోక తొలినాళ్ళ వర్తకుల నాటి రూపం, చిత్తూరుది గిల్‌క్రిస్ట్ వరస, గుంటూరుది హంటర్ వరస, ఏలూరుది స్వతంత్ర భారతపు దిద్దుబాటు. తెలియనివాడికి ఇవన్నీ ఒకే మాట అని తట్టదు. అయినా వీటిని ఒక్క తీరుకు తేవాలని ఎవరూ ఉద్యమించలేదు. ఆ అవసరం ఉందని ఈ వ్యాసకర్త కూడా అనుకోడు.

‘పల్లి’ది మరో తమాషా. రాయలసీమలో మదనపల్లెకు చివర ఎల్-ఎల్-ఈ. హైదరాబాదు కూకట్‌పల్లికి ఎల్-ఎల్-వై. పెద్దపల్లికి మళ్ళీ ఎల్-ఎల్-ఐ. ‘పేట’ తెలంగాణలో ఎక్కువగా టి తో ఆగిపోతుంది: సిద్దిపేట, సూర్యాపేట. కోస్తాలో జగ్గయ్యపేటకు చివరి ఏ ఉంది, నరసరావుపేటకు లేదు. నల్లగొండ ఇంగ్లీషులో ఒక ఎల్ పోగొట్టుకుని ‘నల్గొండ’ అయింది. భువనగిరి రైలు స్టేషను ‘భోంగిర్’. వీటికి సూత్రం వెతకడం వృథా. ఒక్కో ఊరిదీ ఒక్కోటిగా చూసి రాసుకోవాల్సిందే, నరసరావుపేట చివర ఏ పెట్టాలని ఎంత అనిపించినా.

ఉచ్చారణను నమ్ముకుంటే ఎక్కడ తేలతామో విశాఖపట్నం చెబుతుంది. విశాఖలో ఉన్నది శ. హంటర్ లెక్కన అయితే ఎస్ పక్కన హెచ్ ఉండాలి. దేశంలో చాలామంది అలాగే రాస్తారు. కానీ ప్రభుత్వం, రైల్వే, నగరపాలక సంస్థ రాసేది ఉత్త ఎస్ తోనే. 2021లో నౌకాదళంలో చేరిన యుద్ధనౌక ‘ఐఎన్ఎస్ విశాఖపట్నం’ పేరులోనూ హెచ్ లేదు. కాబట్టి ఇక్కడ ధ్వనికి దగ్గరగా ఉన్నది తప్పు, కాస్త దూరంగా ఉన్నది ఒప్పు. ఈ మాట కొందరికి కష్టంగా తోచవచ్చు. ఊరి పేరు స్పెల్లింగు మనిషి సంతకంలాంటిది, వ్యాకరణం చూపించి దాన్ని దిద్దలేం.

ఉచ్చారణనే గురిగా పెట్టుకున్న ప్రయత్నం పక్క రాష్ట్రంలో ఒకటి జరిగింది. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం వెయ్యికి పైగా ఊళ్ళ పేర్లను తమిళ పలుకుబడికి దగ్గరగా ఇంగ్లీషులో రాస్తామని ప్రకటించింది. కోయంబత్తూరు పేరులో టి-హెచ్ జంట వరసగా రెండుసార్లు దిగి, చదవబోతే నాలుక తడబడేంత పొడుగైంది. వెల్లూరు మొదటి అచ్చుకు రెండు ఈ లు పెట్టేసరికి ఇంగ్లీషులో అది ‘వీలూరు’లా కనబడింది. తమిళం తెలిసినవాళ్ళే ఇది మా ఊరు కాదన్నారు. కొద్ది రోజుల్లో ఉత్తర్వు వెనక్కి వెళ్ళింది.

కోడ్‌ల్లో దాక్కున్న పేర్లు

బోర్డు మీద పేరు మార్చడానికి రంగు డబ్బా చాలు. కోడ్ మార్చాలంటే టికెట్ల యంత్రాంగం మొత్తాన్ని కదిలించాలి. అందుకే రైల్వే పాతవాటిలో చాలావాటి జోలికి పోలేదు. విజయవాడ టికెట్ మీద ఉండేది బి-జడ్-ఏ, అంటే బెజవాడ. కాకినాడ టౌన్ స్టేషను సి-సి-టి, అంటే కొకనాడ టౌన్. ఏలూరు ఈ-ఈ. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషను కోడ్ సి-హెచ్-ఈ చూసి కొత్త ప్రయాణికులు తెల్లబోతారు. అందులో ఉన్నది చికాకోల్. మచిలీపట్నం ఎం-టి-ఎం లో మసూలిపటం కనబడుతుంది. చెన్నై సెంట్రల్‌కు వెళ్ళే తెలుగువాళ్ళు రోజూ ఎం-ఏ-ఎస్ అని కొట్టి మద్రాసుకే టికెట్ కొంటున్నారు.

విమానాశ్రయాలదీ అదే తంతు. కడప సి-డి-పి, రాజమహేంద్రవరం ఆర్-జె-ఏ. విశాఖ వి-టి-జడ్ లో వైజాగపటంలోని జడ్ ఇంకా ఉంది. ఈ కోడ్‌లను ఊరి పేరుకు సంక్షేపంగా వ్యాసాల్లో వాడకూడదు. అవి గుర్తింపు సంకేతాలే తప్ప పేర్లు కావు. ‘వైజాగ్’ సంగతి వేరు. అది జనం నోళ్ళలో, పత్రికల శీర్షికల్లో, ఉక్కు కర్మాగారం ప్రచారంలో నిలిచిన ముద్దుపేరు. మాటల్లో, శీర్షికల్లో చెల్లుతుంది, దరఖాస్తుల్లో చెల్లదు.

రైల్వేలో వాల్తేరు ఇంకా మొండిగా నిలిచింది. స్టేషను పేరు విశాఖపట్నంగా మారిన దశాబ్దాల తర్వాత కూడా డివిజన్ వాల్తేరు డివిజనే. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దాన్ని విశాఖపట్నం డివిజన్‌గా మార్చింది. ప్రభుత్వం చెప్పిన కారణం, వాల్తేరు వలస పాలన గుర్తు అని. విశాఖలో వాల్తేరు అనే పేటలో ఉంటున్నవాళ్ళకు ఇది కొంత వింతగానే తోచి ఉండాలి.

ఏ కాలానికి ఏ పేరు

చరిత్ర రాసేవాళ్ళకు కావలసిన నియమం చిన్నది. ఇవాళ్టి ఊరి గురించి రాస్తే ఇవాళ్టి పేరు. అప్పటి సంఘటనకు స్థిరపడిన పేరుంటే అదే. 1768లో నిజాముకూ కంపెనీకీ కుదిరిన ఒప్పందం ఇంగ్లీషులో మసూలిపటం ఒప్పందం, దాన్ని మచిలీపట్నం ఒప్పందమని దిద్దితే పాఠకుడు పుస్తకాల్లో వెతుక్కోలేడు. 1921లో ఏఐసీసీ సమావేశమై, పింగళి వెంకయ్య జెండా నమూనా గాంధీజీ చేతికి చేరింది బెజవాడలో. 1923లో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది కొకనాడలో. మొదటి ప్రస్తావన దగ్గర ఇప్పటి పేరు ఒకసారి చెప్పి, తర్వాత పాత పేరుతో సాగిపోవడం మంచి పద్ధతి. 1758 నాటి చందుర్తి యుద్ధాన్ని ఇంగ్లీషు చరిత్రకారులు కొండూర్ యుద్ధమంటారు. అక్కడ రెండు పేర్లూ ఇవ్వకపోతే ఒకే యుద్ధం రెండుసార్లు జరిగినట్టవుతుంది.

పుస్తకాల ప్రచురణ స్థలం విషయంలో గ్రంథాలయాల పద్ధతి మరీ కచ్చితం: ముఖపత్రం మీద ఏముంటే అదే. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత ప్రచురణల మీద స్థలం వాల్తేరే ఉంటుంది. దాన్ని విశాఖపట్నం చేయకూడదు. సంస్థల పేర్లూ అంతే. మద్రాసు విశ్వవిద్యాలయం, ఐఐటీ మద్రాస్, మద్రాసు హైకోర్టు ఊరితో పాటు మారలేదు. హైకోర్టుల పేర్లు మార్చడానికి 2016లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. కోరంగి మడ అడవుల అభయారణ్యానికి ఇప్పటికీ ఇంగ్లీషులో అధికారిక పేరు కొరింగయే.

మనుషుల కాగితాల్లో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. పుట్టిన ఊరు గడిలో పాత పాస్‌పోర్టు మీద సి తో మొదలైన కడప, కొత్త ధ్రువపత్రం మీద కే తో మొదలైన కడప ఉంటే విదేశీ వీసా అధికారికి అవి రెండు ఊళ్ళు. జిల్లా కూడా రాయమంటే చిక్కు ఇంకా ముదురుతుంది: ఆ జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. పత్రం పుట్టిన నాటి రూపాన్ని అలాగే ఉంచి, మార్పు ప్రకటించిన గెజిట్ నకలును జతచేయడం సాధారణంగా పనికొచ్చే దారి. 1972లో వచ్చిన పిన్ కోడ్ ఉత్తరాలను ఈ చిక్కు నుంచి చాలావరకు గట్టెక్కించింది. ఆరంకెలు సరిగ్గా ఉంటే స్పెల్లింగు ఎలా ఉన్నా పోస్టుమాన్‌కు ఊరు దొరుకుతుంది.

పేరొకటే అయి ఊళ్ళు రెండైతే స్పెల్లింగు ఒక్కటే చాలదు. హైదరాబాదు ఇంకొకటి సింధులో ఉంది. అందుకే బ్రిటిష్ కాలం నుంచీ మనదాని పక్కన దక్కన్ చేర్చేవాళ్ళు, నాంపల్లి స్టేషను పేరులో ఆ దక్కన్ ఇంకా ఉంది. ఆంధ్రప్రదేశ్ అమరావతికి మహారాష్ట్రలో ఒక జోడు ఉంది. అక్కడివాళ్ళు ఇంగ్లీషులో ఎం తర్వాత ఏ రాయరు, ఆ ఒక్క అక్షరమే రెండు నగరాల మధ్య హద్దు. మనవాళ్ళు చివర టి-హెచ్ వేసి మూడో రూపాన్ని సృష్టిస్తున్నారు. రాజధాని అధికారిక స్పెల్లింగులో హెచ్ లేదు.

బయటి దేశాల్లో

పేరు అడిగి మరీ మార్పించుకున్న నగరాలకు ఈ మధ్య కాలపు ఉదాహరణ ఉక్రెయిన్ రాజధాని. రష్యన్ ఉచ్చారణ మీదుగా వచ్చిన ‘కియెవ్’ బదులు ‘కీవ్’ అన్నట్టుగా కే-వై-ఐ-వి రాయాలని ఆ దేశం 1995లోనే నిర్ణయించింది. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2018లో విదేశాంగ శాఖ దీనికోసం ప్రత్యేక ప్రచారం మొదలుపెట్టింది, 2019లో అసోసియేటెడ్ ప్రెస్, అమెరికా భౌగోళిక నామాల బోర్డు ఒప్పుకున్నాయి. హోటలు మెనూలో కోడికూర వంటకం మాత్రం పాత పేరుతోనే ఉంది. చైనా 1979 నుంచి విదేశీ భాషా ప్రచురణల్లో పిన్‌యిన్ రూపాలు వాడడంతో పీకింగ్ బీజింగ్ అయింది, అక్కడి పేరున్న విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో ఇప్పటికీ పీకింగ్ విశ్వవిద్యాలయమే. 1989లో బర్మా ప్రభుత్వం రంగూన్‌ను యాంగోన్ చేసింది. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి కూలికి వెళ్ళిన వేల కుటుంబాల జ్ఞాపకంలో ఆ ఊరు రంగం. అక్కడ ఆ కూలీలను పిలిచిన పేరూ ఒక ఊరిదే: కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారు గనక తెలుగువాళ్ళందరూ ‘కొరంగీ’లయ్యారు.

ఊరు వదిలి వస్తువుకు అంటుకున్న పేర్లు ఏ గెజిట్‌కూ లొంగవు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో కంపెనీ కొన్న నూలుబట్ట ఇంగ్లీషు నిఘంటువుల్లో ‘మడపోలం’గా నిలిచింది. ఊరి పేరు ఇప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్ళకు తప్ప తెలియదు, బట్ట పేరు మాత్రం యూరప్ జౌళి వ్యాపారులకు తెలుసు. గోగునారకు వ్యాపారంలో బిమ్లీ జూట్ అని పేరు. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరి నెల్లూరు పేరు తగిలించుకుని ‘నెలోర్’ అయ్యాయి. పోర్చుగీసు అక్షరాల్లో ఒక ఎల్ రాలిపోయింది. ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం అవే. జాతి ఒంగోలుది, పేరు నెల్లూరుది, స్పెల్లింగు పోర్చుగీసుది. బ్రెజిల్ పశువుల గురించి రాసేటప్పుడు ఆ ఒంటి ఎల్ రూపమే సరైనది.